అమ్మోనియాగారికి ఇచ్చే మర్యాద

పోయిన వేసవిలో ఆయన పోయారని, ఆయనతో పనిచేసిన సత్తిబాబు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ల్యాబ్‌లో రక్తం సీసాల మీద పేర్లు రాస్తున్నాను. "అయ్యో, ఎప్పుడండి?" అని అడిగి, ఫోన్ పెట్టేసి, మిగతా పేర్లు రాయడం పూర్తిచేశాను. ఏడుపు రాలేదు. ఆఖరిచూపుకి వెళ్ళడానికీ కుదరలేదు. మొన్న రాజమండ్రి నుంచి వస్తుంటే రావులపాలెం దగ్గర బస్సు ఆగిపోయింది. పక్కనే అరటి గెలలు ఎక్కించుకుంటున్న లారీ, దాని కింద చితికిపోయిన మాగిన పళ్ళు. ఆ వాసన కిటికీలోంచి లోపలికొచ్చేసరికి పక్కసీటావిడ కంగారుపడేలా ఏడ్చాను. "ఏమైందమ్మా?" అంది. తెలిసినాయన పోయారని చెప్పాను. "ఎప్పుడు?" అంటే "వేసవిలోనండి" అన్నాను.

ఆయన మా టౌన్ ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసేవారు. నేను గవర్నమెంటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మా వైపు ఫైరింజను మంటలకి ఎంత తిరుగుతుందో గాలికీ అంతే తిరుగుతుంది. ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో అమ్మోనియా ఉంటుంది. మంచినీళ్ళ ట్యాంకుల దగ్గర క్లోరిన్ సిలిండర్లు ఉంటాయి. కొబ్బరితోటల కింద గ్యాసు పైపులు పోతుంటాయి. ఇలాంటివి కారినప్పుడు లోపలికి వెళ్ళడానికి స్టేషన్‌లో విడిగా ఒక జట్టు ఉంటుంది. ఆ జట్టులో ఉండాలంటే ఏటా ఆరోగ్య పరీక్షలో నెగ్గాలి. గుండె, ఊపిరితిత్తులు, చూపు, చెవి, చివర్లో మాస్కు. డాక్టరుగారు సంతకం పెడతారు. ఊదించడం, కొలవడం, కాగితం మీద గడులు నింపడం నా పని. ఖాళీ గడి కనబడితే నాకు అన్నం సయించదు. నా చాదస్తం మీద ఆసుపత్రిలో జోకులున్నాయి.

ఆయన రసాయనాలని 'గారు' అని పిలిచేవారు. "నిన్న ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియాగారు బయటికొచ్చారండి" అనేవారు, ఊరి ప్రెసిడెంటుగారి సంగతి చెప్తున్నట్టు. ఆయన లెక్కలో క్లోరిన్‌గారు కోపిష్ఠి. వంటగ్యాసుగారు నెమ్మదస్తులు గానీ నమ్మడానికి లేదు. నేను నవ్వితే ఒకసారి ఆగి చెప్పారు. "మర్యాద ఇచ్చేది దూరంగా ఉండడానికే కదమ్మా. మేనమామతో వేళాకోళమాడతావు, హెడ్మాస్టరుగారితో ఆడతావేంటి?"

ఎక్కడికి వెళ్ళినా బండి దిగగానే ముందు తల పైకెత్తేవారు. కొబ్బరాకు ఎటు ఊగుతోందో చూసుకుని, గాలి వీపుకి తగిలేలా చుట్టూ తిరిగి వెళ్ళేవారు. అది ఎంత అలవాటైపోయిందంటే మా ఆసుపత్రికి వచ్చినా గేటులో ఆగి పైకి చూసేవారు. వాచ్‌మన్ ఆయన దేవుడికి దండం పెట్టుకుంటున్నారనుకునేవాడు.

ఊదే మిషను దగ్గర ఆయన్ని చూసి తీరాలి. బెల్టు ఒక కన్నం వదులు చేసేవారు. మీసం పైకి దువ్వేవారు. గోడమీద క్యాలెండరు వైపు పగవాణ్ణి చూసినట్టు చూసి, గొట్టం నోట్లో పెట్టుకుని, మెడ నరాలు తాళ్ళలా తేలేదాకా ఊదేవారు. వెంటనే "సత్తిగాడి కంటే ఎక్కువేనా మేడంగారూ?" అని అడిగేవారు. నలుగురిలో నన్ను మేడంగారు అనేవారు, ఎవరూ లేనప్పుడు అమ్మాయ్ అనేవారు. నేను ఎప్పుడూ బాబాయిగారూ అనే పిలిచేదాన్ని.

కార్తీకమాసం వచ్చిందంటే స్టేషన్‌లో సగంమంది మాల వేసుకునేవారు. దీక్షలో గడ్డం తియ్యకూడదు. గడ్డం మీద మాస్కు అతుక్కోదు, సందులోంచి గాలి దూరుతుంది. పొద్దున్నే వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చెంప మీద బొటనవేలితో గీసి చూసేవారాయన. గరగరలాడితే చేతులు జోడించి, "స్వామీ, తమరు నలభయ్యొక్క రోజులూ ఫోను దగ్గర దయచేయండి" అనేవారు. వాచ్‌రూమ్‌లో కూర్చుని వచ్చిన ఫోన్లు ఎత్తడమన్నమాట. ఒక ఏడు శ్రీను అనే ఫైర్‌మన్ ఎదురు చెప్పాడు. "అయ్యప్పే చూసుకుంటాడండి" అన్నాడు. "చూసుకుంటాడు నాన్నా, ఎందుకు చూసుకోడు? నిన్ను తన దగ్గరికే పిలిపించుకుని మరీ చూసుకుంటాడు" అన్నారు. శ్రీను నోరు మూసుకుని ఫోను దగ్గరికి వెళ్ళాడు.

ఆయన ఊతపదం "ఏం వాసన?" అనేది. ఎక్కడైనా గుమ్మం దాటే ముందు ఆగి, వెనక్కి తిరిగి "సత్తీ, ఏం వాసనరా?" అనేవారు. సత్తిబాబు పాతికేళ్ళుగా ఆయన వెనకాల నడిచిన మనిషి. ఉప్పాడ దగ్గర చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. వలలో పడ్డ చేప ఏ పూటదో వాసన చూసి చెప్పేస్తాడని స్టేషనంతా చెప్పుకునేవారు. అతను "ఏం లేదండి" అంటే లోపలికి వెళ్ళేవారు. "ఉందండి" అంటే ఆగి మాస్కులు బిగించుకునేవారు. చిన్నవాళ్ళకి నేర్పడానికి అలా అడుగుతారని అందరం అనుకునేవాళ్ళం. టీ వచ్చినా అదే ప్రశ్న, నా క్యారేజీ మూత తీసినా అదే.

ఒకసారి రొయ్యల ప్లాంటులో అమ్మోనియా కారితే, రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళని మా ఆసుపత్రికి తెచ్చారు. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు గానీ కళ్ళు తెరవలేక అల్లాడారు. లోపలికి వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చింది ఆయన జట్టే. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా వరండాలో కూర్చున్నారు. ఆఖరావిడ కళ్ళు తెరిచి "నా చెప్పులేవి?" అని అడిగేదాకా లేవలేదు. అప్పటికి మధ్యాహ్నం మూడైంది. నా క్యారేజీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మూత తీస్తే "ఏం వాసనమ్మా?" అన్నారు. "వాసన అడుగుతారేంటండి బాబాయిగారూ, తినండి" అన్నాను. మెతుకు మిగల్చకుండా తిని, "ఉప్పు సరిపోయింది. కారం ఒక పిసరు తగ్గించు" అన్నారు. అది వంకాయ ఎండురొయ్యలు. ఎండురొయ్యల కూర తిని ఎండురొయ్యల మాటే ఎత్తని మనిషిని మా గోదావరి జిల్లాల్లో అంతకుముందు నేను చూడలేదు. అనుమానం అప్పుడే రావాలి. నాకు రాలేదు. అలిసిపోయారనుకున్నాను.

మాస్కు పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. అరటిపండు వాసన వేసే ఒక మందు ఉంటుంది. ముందుగా మాస్కు లేకుండా రెండు సీసాలు వాసన చూపించాలి. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, రెండోదాంట్లో ఆ మందు చుక్క కలిపిన నీళ్ళు. ఏది ఏదో చెప్పగలిగితే అతని ముక్కు పనిచేస్తున్నట్టు. ఆ తర్వాత మాస్కు పెట్టి, ఆ మందు తడిపిన దూది వేలాడే చిన్న గదిలో నిలబెట్టాలి. తల అటూ ఇటూ తిప్పమని, ఏదైనా పైకి చదవమని చెప్పాలి. అరటిపండు వాసన వస్తే మాస్కు సరిగ్గా పట్టలేదని అర్థం. రాకపోతే పాస్. అందరూ పేపరు చదివేవారు. ఆయన మాత్రం పదమూడో ఎక్కం అప్పజెప్పేవారు.

సీసాల పరీక్ష నేను కొత్తవాళ్ళకే చేసేదాన్ని. అంత అనుభవమున్నవాళ్ళని కూర్చోబెట్టి, చిన్నపిల్లల్లా సీసాలు వాసన చూడమనడం నాకు మర్యాదగా తోచేది కాదు. వాళ్ళ గడుల్లో నేనే టిక్కు పెట్టేసేదాన్ని. చాదస్తురాలినని పేరున్న నేను పెట్టిన టిక్కులవి.

ఆ ఏడు పరీక్షలు స్టేషన్‌లోనే, నీళ్ళు కొట్టే హోసులు ఆరబెట్టే గది పక్కన పెట్టారు. మాస్కుకి బిగించే ఫిల్టరు డబ్బాలు రెండు రకాలు. ఒకటి దుమ్ముని ఆపేది, దాని మీద తెల్ల గీత. ఇంకోటి మందుల ఆవిరిని ఆపేది, దాని మీద గోధుమరంగు గీత. మిగతా అంతా ఒకేలా ఉంటాయి. హడావుడిలో నేను తెల్ల గీతది బిగించి ఆయనకిచ్చాను. ఆయన గదిలోకి వెళ్ళి, తల తిప్పి, పదమూడో ఎక్కం పూర్తిచేసి బయటికొచ్చారు. "బ్రహ్మాండంగా ఉందండి మాస్కు. వాసనన్న మాటే లేదు" అన్నారు. టిక్కు పెట్టాను. అదే మాస్కు తుడిచి తర్వాత వచ్చిన శ్రీనుకిచ్చాను. శ్రీను లోపలికి వెళ్ళి రెండు అంకెలు లెక్కపెట్టేలోపే బయటపడ్డాడు. "ఏంటండి మేడంగారూ, గెల మొత్తం ముక్కులో దూర్చినట్టుంది" అన్నాడు.

డబ్బా తిప్పి చూశాను. తెల్ల గీత కనబడింది.

తలెత్తితే ఆయన కిటికీ దగ్గర నిలబడి తల దువ్వుకుంటున్నారు. నా చేతిలో డబ్బాని చూశారు, నన్ను చూశారు. దువ్వెన జేబులో పెట్టుకున్నారు. శ్రీనుతో "పొరపాటున వేరే డబ్బా పెట్టాను, మళ్ళీ చేద్దాం" అన్నాను. అతని తర్వాత ఇంకా ఇద్దరికి చేశాను.

అందరూ భోజనాలకి వెళ్ళాక ఆయనే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోలేదు.

"రెండూ నీళ్ళే అమ్మాయ్ నాకు" అన్నారు.

"ఎన్నాళ్ళ నుంచండి?"

"పూర్తిగా పోయి మూడేళ్ళవుతోంది. చాలా ఏళ్ళ క్రితం వాటర్ ట్యాంకు దగ్గర క్లోరిన్‌గారు వచ్చారు. అప్పట్లో స్టేషన్‌కి ఉన్నది ఒక్కటే మాస్కు. నేనూ సత్తీ వంతులేసుకున్నాం. వాడు మాస్కు పెట్టుకుని వాల్వు తిప్పుతుంటే నేను పక్కన తడిగుడ్డతో, నేను తిప్పుతుంటే వాడు తడిగుడ్డతో. నెల్లాళ్ళు దగ్గాం. దగ్గు పోయింది. తర్వాత్తర్వాత ఇదీ పోతూ వచ్చింది."

"ఎవరికీ చెప్పలేదా బాబాయిగారూ?"

"అమ్మోనియాగారు, క్లోరిన్‌గారు వస్తే కళ్ళు చెప్తాయమ్మా. మండుతాయి కదా."

"వంటగ్యాసుకి కళ్ళు మండవు కదండి."

"దానికే సత్తిగాణ్ణి అడిగేది" అన్నారు.

నేర్పడానికి అడగడం లేదన్నమాట. తెలియక అడుగుతున్నారు. టీ గ్లాసు పట్టుకుని, నా క్యారేజీ ముందు కూర్చుని, ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి ఇన్నాళ్ళూ ఆ మనిషి నిజంగానే అడుగుతున్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపం ఆయన మీదో నా మీదో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

"ఏడాదిన్నర ఉందమ్మాయ్ సర్వీసు. నువ్వు రాస్తే ఫోను దగ్గర కూర్చోబెడతారు. నా మట్టుకు అది కూర్చోబెట్టడం కాదు, పాడె మీద పడుకోబెట్టడం" అన్నారు.

"రాయకపోతే నిజంగానే పడుకోబెడతారు కదండి. మీతోపాటు ఇంకెవర్నో కూడా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పెద్దవాళ్ళతో అలా మాట్లాడేదాన్ని కాదు. ఆయనకి కోపం రాలేదు. సీసాల వైపు చూస్తూ, "ఇవి నా ముందు ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగారు.

"పెద్దవారు కదండి" అన్నాను.

"హు" అన్నారు.

తర్వాత లేచి లోపలికెళ్ళి, తన మాస్కు సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "రేపు పొద్దున్న నేనే చెప్తాను వాళ్ళకి. అందాకా కాగితం నీ దగ్గరుంచు, ఇది కూడా నీ దగ్గరే ఉంచు. కాల్ వస్తే వెళ్ళకుండా నేను ఆగలేను" అన్నారు. ఆ సంచీ సాయంత్రం మా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆయన అదేంటని అడిగితే ఆఫీసు సామానని చెప్పాను.

ముందే చెప్పేస్తాను, ఆయన జట్టులోంచి తప్పుకున్నారు. మిగిలిన ఏడాదిన్నరా ఫోను దగ్గరే చేశారు. ఎవరైనా భయపడి ఫోన్ చేస్తే "ముందు బయటికొచ్చి కొబ్బరాకు ఎటు ఊగుతోందో చూసి చెప్పండమ్మా" అనేవారట. రిటైరయ్యాక కూడా సత్తిబాబుతో కలిసి మా ఆసుపత్రి వైపు నడిచొచ్చి, గేటులో ఆగి పైకి చూసి, వచ్చిన పని ఏమీ లేకపోయినా కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఆయన గుర్తొస్తే నాకు ముందు కనబడేది మాత్రం ఆ మర్నాటి పొద్దున్నే.

ఎనిమిదింటికి అందరూ వరసలో నిలబడ్డారు. స్టేషన్ ఆఫీసరుగారు కూడా ఉన్నారు. నేను మాస్కు సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన ఉతికిన యూనిఫాం వేసుకుని, మీసం దువ్వుకుని వచ్చారు.

"నాకు వాసన తెలియదు. మూడేళ్ళయింది. మిమ్మల్ని ఏం వాసనరా అని అడిగింది నేర్పడానికి కాదు, నాకు తెలియకే. మేడంగారు నిన్న పట్టుకున్నారు. ఇవాళ్టి నుంచి నేను లోపలికి రాను" అన్నారు.

శ్రీను గొంతు సవరించుకున్నాడు. "మాకు అనుమానమేనండి" అన్నాడు.

"ఏంటీ?"

"ఆమధ్య స్టోర్‌రూమ్‌లో పెయింటు డబ్బా ఒలికినప్పుడు మీరు పక్కనే కూర్చుని టిఫిన్ చేశారండి. మాకు తల తిరిగిపోయింది. అప్పట్నుంచీ అనుకుంటున్నామండి."

"అనుకుని?"

"పెద్దవారు కదండి. ఎలా అడుగుతాం? ఊరుకున్నాం."

ఆయనకి అంత కోపం రావడం అంతకుముందు నేను చూడలేదు. గొంతు పెంచలేదు, పెదాలు మాత్రం అదిరాయి. "అమ్మోనియాకి ఇవ్వాల్సిన మర్యాద తీసుకొచ్చి నాకిచ్చారా? ఈ అమ్మాయి సీసా పెట్టదు, మీరు నోరు తెరవరు. నేను దొంగని, దాచుకున్నాను. నాకు భయం. మీకేం భయంరా? అందరూ కలిసి గారూ గారూ అంటూ నన్ను గోతిలోకి నడిపిద్దామనుకున్నారా?"

నా తల వంగిపోయింది. ఆ తిట్టులో నా వాటా నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఇప్పటికీ తెలుస్తుంది.

ఆయన ఆఫీసరుగారి వైపు తిరిగి, "సార్, ఇవాళ ఎవరికీ మినహాయింపు వద్దు. తమరితో సహా" అన్నారు. ఆఫీసరుగారు ఒక్క క్షణం తటపటాయించి, టోపీ తీసి కుర్చీలో కూర్చున్నారు. సీసాలు మార్చి మార్చి పెట్టాను, సరిగ్గానే చెప్పారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. శ్రీను మందు సీసా మూత తియ్యకముందే చెప్పేశాడు. ఆయన నా కుర్చీ పక్కనే బెంచీ మీద కూర్చుని ప్రతి ఒక్కరి పేరు పక్కనా నేను టిక్కు పెట్టేదాకా చూశారు.

చివరికి సత్తిబాబు మిగిలాడు.

"నాకు జలుబండి. ఇంకోరోజు చూద్దాం" అన్నాడు.

"జలుబైతే జలుబని రాస్తారు. కూర్చో" అన్నారాయన.

సత్తిబాబు కూర్చున్నాడు. ఎడమ సీసా ఎత్తి వాసన చూశాడు, దించాడు. కుడి సీసా ఎత్తి చూశాడు. మళ్ళీ ఎడమది. నుదుటి మీద చెమట పట్టింది. ఎడమ సీసా ముందుకి తోసి, "ఇదేనండి అరటిపండు" అన్నాడు.

అవి ఉత్త నీళ్ళు. సీసాలు బల్ల కిందకి తీసి, మార్చి పెట్టాను. ఈసారి కుడి సీసా చూపించాడు. అవీ నీళ్ళే. మూడోసారి పెట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. పాతికేళ్ళ నుంచీ ముందు ఆయన, వెనక సత్తిబాబు. గడిచిన మూడేళ్ళలో ఎన్ని ఇళ్ళలోకి, ఎన్ని ఫ్యాక్టరీల్లోకి ఆ ఇద్దరూ ముందు నడిస్తే మిగతావాళ్ళు వెనక నడిచారో శ్రీను మొహంలో కనిపిస్తోంది.

ఆయన చాలా నెమ్మదిగా అడిగారు.

"సత్తీ, మరి ఇన్నాళ్ళూ నేను అడిగినప్పుడల్లా ఎలా చెప్పావురా?"

సత్తిబాబు తల ఎత్తలేదు.

"మీ మొహం చూసి చెప్పేవాణ్ణండి" అన్నాడు.